"ఏ గైడ్ చదివావక్కా?" అని అడుగుతున్నవాళ్లకు: సీజీఎల్ ఇంగ్లిష్‌తో నా రెండేళ్లు

సీజీఎల్ (డిగ్రీ అయినవాళ్లకి సెంట్రల్ ఉద్యోగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్, అంటే ఎస్ఎస్‌సీ, పెట్టే పరీక్ష) రిజల్ట్ పీడీఎఫ్‌లో నా రోల్ నంబర్ కనిపించిన రాత్రి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్లో నాతో ఉన్నవాళ్లు, చిక్కడపల్లి లైబ్రరీలో పక్క కుర్చీల్లో చదివినవాళ్లు, మా ఊరి పిల్లలు అందరూ ముందు కంగ్రాట్స్ చెప్పి, ఆ తర్వాత ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అక్కా, ఇంగ్లిష్‌కి ఏ గైడ్ చదివావు?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేకపోతున్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను గైడ్‌నే నమ్ముకుని సీజీఎల్ 2023 పోగొట్టుకున్నాను. సీజీఎల్ 2024లో ట్యాక్స్ అసిస్టెంట్ పోస్టు వచ్చింది. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో చెబితేనే మీ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పినట్టు అవుతుంది.

మాది సూర్యాపేట జిల్లాలో ఒక చిన్న ఊరు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్ సెకండియర్‌లో నాకు ఇంగ్లిష్‌లో 91 మార్కులు వచ్చాయి. ఆ 91లో నేను సొంతంగా రాసిన వాక్యం ఒక్కటి కూడా లేదు. అనొటేషన్‌కి (పాఠంలోని ఒక వాక్యాన్ని వివరించే ప్రశ్నకి) మొదటి లైన్ ఏం రాయాలో గైడ్‌లో ఉంటుంది, చివరి లైన్ ఏం రాయాలో కూడా ఉంటుంది. మధ్యలో పాఠం పేరు మారిస్తే చాలు. పాఠ్యపుస్తకం తెరవకుండానే రెండేళ్లు గడిచిపోయాయి. మా క్లాసులో అందరం అలాగే పాసయ్యాం. తప్పు చేస్తున్నామని ఎవరికీ అనిపించలేదు, ఎవరూ చెప్పలేదు.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చినప్పుడు కూడా మొదట చేసిన పని కోఠికి వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో ఒక లావుపాటి ఇంగ్లిష్ గైడ్ కొనుక్కోవడం. 180 రూపాయలు. కుట్టు ఊడిపోయి ఉంటే సూదీ దారంతో నేనే కుట్టుకున్నాను. నాకంటే ముందు దాన్ని చదివినవాళ్లెవరో ప్రతి ప్రశ్న దగ్గరా పెన్సిల్‌తో టిక్కులు పెట్టారు. రూల్స్ అన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుని పొద్దునా సాయంత్రం చదివేదాన్ని. సిన్స్ వస్తే హ్యావ్ బీన్. టు తర్వాత వి వన్, అంటే వెర్బ్ మొదటి రూపం. ఇలాంటివి వందకు పైనే.

టైర్-1లో, అంటే పరీక్ష మొదటి దశలో, అవి పనిచేశాయి. ఇంగ్లిష్ 25 ప్రశ్నల్లో 22 కరెక్ట్, తప్పులకి కోత పోను 50కి 42.5. అప్పుడు నాకు వచ్చిన ధైర్యం అంతా ఇంతా కాదు. ఇంగ్లిష్ అయిపోయిందనుకుని లెక్కల మీద పడ్డాను.

2023 అక్టోబర్‌లో టైర్-2. ప్యాటర్న్ మీకు తెలిసిందే. ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కోటి 3 మార్కులు, తప్పుకి ఒక మార్కు పోతుంది. అంటే 390లో 135 మార్కులు ఇంగ్లిష్‌వే. లెక్కలకైనా 90 మార్కులే. ఈ సంగతి తెలిసి కూడా నేను ఇంగ్లిష్‌ని చివరి వారానికి వదిలేశాను.

ఆ రోజు స్క్రీన్ మీద క్లోజ్ ప్యాసేజ్ (మధ్యమధ్య ఖాళీలుండే పేరా) వచ్చినప్పటి నా పరిస్థితి ఇప్పటికీ గుర్తుంది. నాలుగు ఆప్షన్లలో ఉన్న నాలుగు పదాలకీ నాకు అర్థం తెలుసు. గైడ్‌లో చదివినవే. కానీ ఆ వాక్యం ఏం చెబుతోందో తెలియడం లేదు. ముందు వాక్యానికీ దీనికీ సంబంధం ఏంటో అందడం లేదు. మూడుసార్లు చదివాను. టైమ్ కరిగిపోతోందని టెన్షన్, ఆ టెన్షన్‌లో చదివింది మళ్లీ మర్చిపోవడం. తర్వాత కాంప్రహెన్షన్. ప్రశ్నలో ఉన్న పదం ప్యాసేజ్‌లో ఎక్కడుందో వెతికి ఆ లైన్‌కి దగ్గరగా ఉన్న ఆప్షన్ పెట్టమని గైడ్‌లో ట్రిక్ ఉంది. అలాగే పెట్టాను.

ఆన్సర్ కీ వచ్చాక కూర్చుని లెక్కేశాను. 43 రాశాను, 26 రైటు, 17 తప్పు. 78లోంచి 17 తీసేస్తే 61. ఆ 17 తప్పులనూ విడగొట్టి చూస్తే ఇడియమ్స్, వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్, సినానిమ్స్‌లో పోయినవి రెండే. క్లోజ్, కాంప్రహెన్షన్‌లో తొమ్మిది. ఎర్రర్స్, ఇంప్రూవ్‌మెంట్‌లో నాలుగు. జంబుల్డ్ వాక్యాల్లో రెండు. బట్టీ పడితే వచ్చేవన్నీ వచ్చాయి. చదివి అర్థం చేసుకుంటే వచ్చేవే పోయాయి. ఫెయిలైనవాళ్లు దయచేసి ఈ పని చేయండి. మొత్తం మార్కు చూసి ఏడవడం వల్ల ఏమీ తెలియదు. నేను రెండు రోజులు ఏడ్చాకే ఈ లెక్క వేశాను.

ఆ వారంలోనే లైబ్రరీలో ఒక సీనియర్ అన్నతో 5 రూపాయల భోజనం క్యూలో నిలబడి ఉన్నాను. ఒక ఎర్రర్ ప్రశ్న గురించి అడిగాను. వాక్యం ఇది: ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ అర్లీ. టు తర్వాత వి వన్ రావాలి కదా, మరి పరీక్ష కీలో దీంట్లో తప్పు లేదంటారేంటి అని. ఆయన రూల్ చెప్పలేదు.

"చిన్నప్పుడు మీ ఊర్ల పొద్దుగాల ఎన్నింటికి లేస్తుంటివి?" అన్నాడు.

"నాలుగింటికే లేచేదాన్ని అన్నా, పత్తి ఏరడానికి పోవాలి కదా."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు కూడా పొద్దున్నే లేవడం అలవాటే. లేకపోతే ఇక్కడ సీటు దొరకదు."

"రెండు వేర్వేరు మాటలు చెప్పినవ్ సూడు. లేచేదాన్ని అంటే ఐ యూజ్డ్ టు గెటప్. లేవడం అలవాటే అంటే ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్. తెలుగుల నీకు తేడా తెలుసు. ఇంగ్లిష్‌ల రూల్ ఎందుకు ఎతుకుతున్నవ్?"

ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా గైడ్‌లో అదే వాక్యానికి గెట్ అని దిద్దాలని కీలో ఉంది. నా ముందు చదివినవాళ్లు కూడా కీ చూసి దానికే టిక్కు పెట్టుకున్నారు. కీ ముద్రించినవాళ్లు పొరపాటు పడితే మేమిద్దరం దాన్నే బట్టీ కొట్టాం. సిన్స్ సంగతీ అంతే. సిన్స్ హి వాజ్ ఇల్, హి డిడ్ నాట్ కమ్ అన్నప్పుడు ఆ సిన్స్‌కి అర్థం 'కాబట్టి'. అక్కడ హ్యావ్ బీన్‌తో పనే లేదు. వాక్యం అర్థమైనవాళ్లకు ఇది కష్టం కాదు. రూల్ మాత్రమే తెలిసినవాళ్లు కచ్చితంగా తప్పు పెడతారు.

దీపావళికి ఊరికి వెళ్లాను. అక్క బిడ్డ అప్పుడు ఏడో తరగతి, సర్కారు బడిలోనే. 2022-23 నుంచి మన సర్కారు బడులన్నింటిలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకి ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టినప్పుడు పుస్తకాలను రెండు భాషల్లో అచ్చు వేశారు. ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో. ఆ పిల్ల సైన్స్ పుస్తకం ముందేసుకుని "చిన్నమ్మా, ఇది చెప్పవా" అంది. ఇంగ్లిష్ పేజీ చదవబోయి ఆగిపోయాను. డిగ్రీ చదివి, సెంట్రల్ జాబ్‌కి ప్రిపేరవుతున్న నేను ఏడో తరగతి పేజీని పక్కనున్న తెలుగు చూడకుండా చెప్పలేకపోయాను. సిగ్గుతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున అదే పుస్తకం అడిగి తీసుకుని బస్సెక్కాను. తనకి స్కూల్లో ఇంకోటి ఇప్పించుకోమని చెప్పాను.

నా ప్రిపరేషన్ అసలు అక్కడే మొదలైంది. ఏం చేశానంటే, ముందు రెండు పేజీలూ చదివేదాన్ని. తర్వాత ఇంగ్లిష్ పేజీని అట్టతో మూసేసి, తెలుగు పేజీ చూస్తూ నోట్‌బుక్‌లో ఇంగ్లిష్‌లో రాసేదాన్ని. రాశాక అట్ట తీసి పోల్చుకోవడం. మొదటి రోజు "వర్షపు నీరు నేలలోకి ఇంకి భూగర్భ జలంగా మారుతుంది" లాంటి వాక్యానికి నేను రాసింది: రెయిన్ వాటర్ ఈజ్ గో ఇన్‌టు ద సాయిల్ అండ్ బికమ్ గ్రౌండ్ వాటర్. ఒక్క వాక్యంలో రెండు తప్పులు. గో ముందు ఈజ్ ఎందుకు పెట్టానో నాకే తెలియదు, బికమ్ చివర ఎస్ లేదు. సబ్జెక్ట్ వెర్బ్ అగ్రిమెంట్ మీద గైడ్‌లో ఇరవై రూల్స్ అప్పజెప్పగలిగిన మనిషిని నేను. రాయాల్సి వచ్చేసరికి ఒక్కటీ చేతిలోకి రాలేదు. ఇంకడానికి సీప్ అనే మాట ఉందని కూడా ఆ రోజే తెలిసింది. మళ్లీ మర్చిపోలేదు.

ప్యాసివ్ వాయిస్ కూడా ఇలాగే పట్టుబడింది. వాటర్ ఈజ్ అబ్జార్బ్డ్ బై ద రూట్స్ అని ఇంగ్లిష్ అంటుంది. తెలుగులో "నీటిని వేర్లు పీల్చుకుంటాయి" అంటాం. వేర్లచేత నీరు పీల్చుకోబడుతుంది అని ఇంట్లో ఎవరైనా అంటారా? ఆబ్జెక్ట్‌ని ముందుకి తెచ్చి, బి ఫామ్ పెట్టి, వి త్రీ (వెర్బ్ మూడో రూపం) రాయమని గైడ్ చెబుతుంది. ఇంగ్లిష్ వాక్యం నీటి గురించి మాట్లాడుతోంది కాబట్టి నీటితో మొదలైందన్న సంగతి మాత్రం పక్కపక్కనే ఉన్న రెండు పేజీలు చూశాకే నాకు తట్టింది.

రోజుకి ఒక పేజీ. మూడు నెలల్లో ఆ పుస్తకం అయిపోయింది. తర్వాత కేంద్రం వేసే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా హిస్టరీ, జాగ్రఫీ ఇంగ్లిష్‌లో చదివాను. జీకేకి ఎలాగూ కావాలి కాబట్టి ఒకే దెబ్బకి రెండు పనులూ అయ్యాయి. ఆ తర్వాత పీఐబీ, అంటే కేంద్ర ప్రభుత్వం పత్రికలకి ఇచ్చే ప్రకటనలు. ఒకే ప్రకటన చాలాసార్లు ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ దొరుకుతుంది, రెండూ పక్కన పెట్టుకుని చదివాను. చివరికి ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్. ఈ వరస నేను ఊరికే పెట్టుకోలేదు. నోటిఫికేషన్‌లో ఇంగ్లిష్ సిలబస్ చివర్లో ఉంటుంది చూడండి: కాంప్రహెన్షన్‌లో కనీసం ఒక ప్యాసేజ్ పుస్తకం లేదా కథ నుంచి తేలిగ్గా ఉండాలని, ఇంకోటి కరెంట్ అఫైర్స్ ఎడిటోరియల్ లేదా రిపోర్ట్ నుంచి ఉండాలని. ఆ రెండు లైన్లను మొదటిసారి పరీక్ష రాసేదాకా నేను చదవనే లేదు. గైడ్ కొన్నాం కదా, సిలబస్ అందులోనే ఉంటుందని అనుకున్నాను.

మరి గైడ్ అసలు వద్దా? అలా అనను. ఇడియమ్స్, వన్ వర్డ్, స్పెల్లింగ్స్‌కి అదే దిక్కు. ఎస్ఎస్‌సీలో అవి తిరిగి తిరిగి వస్తాయి, వాటిని ఎడిటోరియల్ చదివి పట్టుకోవాలంటే ఏళ్లు పడుతుంది. నో సూనర్ వస్తే దాన్, హార్డ్‌లీ వస్తే వెన్ లాంటి జతలకూ గైడే సుఖం. టైర్-1 ముందు రెండు నెలలు మళ్లీ నా కోఠి గైడ్ తీశాను. ఈసారి కీని ముందు చూడలేదు. జవాబు నేను పెట్టుకుని, ఎందుకో ఒక ముక్క రాసుకుని, అప్పుడు కీ చూశాను. తేడా వస్తే డిక్షనరీలో ఉదాహరణ వాక్యాలు వెతికేదాన్ని. పాత పేపర్లు మాత్రం గైడ్‌లో వేసినవి కాకుండా, పరీక్ష రాసినవాళ్లు తమ లాగిన్ నుంచి దించుకున్న ఫైనల్ కీ ఉన్నవే తీసుకున్నాను.

లెక్కలు, రీజనింగ్, కంప్యూటర్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అందరూ చేసేదే చేశాను. రోజూ టైమ్ పెట్టుకుని మాక్ టెస్టులు, తప్పుల నోట్‌బుక్. టైపింగ్ రోజూ అరగంట.

2025 జనవరిలో టైర్-2 రాశాను. క్లోజ్ ప్యాసేజ్ వచ్చింది. ముందు ఖాళీల వైపు చూడకుండా మొత్తం ఒకసారి చదివాను. అర్థమైంది. నిజంగా అర్థమైంది. ఆ క్షణంలో నాకు ఉద్యోగం వచ్చినంత సంతోషమేసింది, రిజల్ట్ రోజు కూడా అంత రాలేదు. 42 రాశాను, 38 రైటు, నాలుగు తప్పు. 135కి 110.

"నువ్వు ఏడాది ఖాళీగా కూర్చున్నావు కాబట్టి కుదిరింది, మాకు టైమ్ లేదు" అని కొందరు అంటున్నారు. నేను ఖాళీగా కూర్చోలేదు. నాన్నకి రెండెకరాల పత్తి, హాస్టల్ ఫీజు నెలనెలా అడగలేక సాయంత్రాలు పిల్లలకి ట్యూషన్లు చెప్పాను. ఒక పేజీకి నాకు పట్టింది నలభై నిమిషాలు. రూమ్‌లో నలుగురం పడుకునేముందు రీల్స్ చూసే టైమ్ అంతకంటే ఎక్కువ. నేను ఫోన్‌ని పెట్టెలో పెట్టి తాళం వేసి తాళంచెవి రూమ్మేట్‌కి ఇచ్చేదాన్ని. రాయని రోజు మర్నాడు రెండు పేజీలు రాశాను. జ్వరం వచ్చిన రోజు కూడా అర పేజీ రాశాను. గైడ్‌లు మాత్రమే చదివి కొట్టినవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ కథల పుస్తకాలు చదివి, చివర్లో గైడ్ పట్టుకున్నవాళ్లు. వాళ్లు గైడ్ పేరు చెబుతారు, ముందు చదివినవి చెప్పరు. వాళ్లకి అది చదువులా అనిపించి ఉండదు కాబట్టి. మనలాంటి తెలుగు మీడియం పిల్లలు ఆ పేరు విని, ఆ గైడ్ కొని, మనకే బుర్ర లేదనుకుని కుంగిపోతాం. అలా కుంగిపోయి ఇంటికి తిరిగి వెళ్లిపోయినవాళ్లలో ఇద్దరు నా రూమ్మేట్లే. నాకు బాధ అక్కడే.

రెండు భాషల పుస్తకాల పీడీఎఫ్‌లు తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏడో తరగతి సైన్స్‌తో మొదలుపెట్టండి, తేలిక అనిపిస్తే ఎనిమిదికి వెళ్లండి. జాయినింగ్ వచ్చేదాకా నేను అశోక్‌నగర్‌లోనే ఉంటాను, ఆదివారాలు పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి వస్తాను. ఒక పేజీ రాసుకుని తీసుకురండి, ఎర్ర పెన్ను నేను తెస్తాను.