సాల్వెంటుల ఎంజైము బతకాలంటే

మా చౌటుప్పల్, చిట్యాల దిక్కు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలల్ల ఏ కెమిస్టును కదిలించినా ఒకటే మాట: "ఎంజైమా? సాల్వెంట్ తగిలితే ఖతం." (ఎంజైమంటే రసాయన చర్యను జోరుగ నడిపించే ప్రొటీన్, సాల్వెంటంటే వేరే పదార్థాలను కరిగించే ద్రవం.) నల్లగొండల ఎమ్మెస్సీ చదివేటప్పటి నుంచి నేను కూడ విన్నది అదే. ఆ మాట సగమే నిజం. మిగిలిన సగం తెల్వక మనోళ్లు మంచి పనిముట్టును పక్కన పెడుతున్నరని నా బాధ.

1984ల అమెరికాల ఎంఐటీ యూనివర్సిటీల జాక్స్, క్లిబనోవ్ అనేటోళ్లు పంది క్లోమంల దొరికే లైపేజ్‌ను (కొవ్వును విడగొట్టే ఎంజైము) దాదాపు నీళ్లే లేని ఆర్గానిక్ ద్రవంల వేసి, 100 డిగ్రీల దగ్గర పనిచేయించిన్రు. నీళ్లల్ల అయితే ఆ వేడికి అదే ఎంజైము వెంటనే పోతది. ప్రొటీన్ విప్పుకోవాలన్నా, పాడుకావాలన్నా నీళ్లు కావాలె. అవి లేకుంటే ఉన్న ఆకారంలనే బిగుసుకొని ఉంటది. పాడుచేసేది నీళ్లతోటి కలిసిపోయే సాల్వెంట్లు. మెథనాల్, డీఎంఎఫ్ లాంటివి ఎంజైము ఒంటి మీదున్న పలుచని నీళ్ల పొరను గుంజుకుంటయి. హెక్సేన్, ఐసో ఆక్టేన్ దాని జోలికి పోవు.

అయితే పొడి ఎంజైమును అట్లనే హెక్సేన్‌ల వేస్తే కరగదు, అడుగున పేరుకుంటది. గింజ లోపలున్న ఎంజైము దాకా సబ్‌స్ట్రేట్, అంటే ఎంజైము మార్చాల్సిన పదార్థం, చేరదు. ప్రొటీన్ బిగుసుకొని ఉంటది కాబట్టి పని కూడ నెమ్మదిగ నడుస్తది. సర్ఫాక్టెంట్ (సబ్బు లెక్క, నీళ్లను ఇష్టపడే తల, నూనెను ఇష్టపడే తోక ఉన్న అణువు) అక్కరకొచ్చేది ఇక్కడ.

మా ల్యాబుల కొత్తగ చేరిన పిలగాడు ఒకడు అడిగిండు: "అన్నా, ఎస్‌డీఎస్ అనే సర్ఫాక్టెంట్ వేసి, ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసే జెల్ నడిపితే ప్రొటీన్ విప్పుకుంటది కద. మరి గీ సర్ఫాక్టెంట్ ఎంజైమును ఎట్ల కాపాడుతది?" చాన మంచి ప్రశ్న. నేను చెప్పింది ఇది: "తమ్మీ, నీళ్లల్ల ఉన్నప్పుడు సర్ఫాక్టెంట్ తోకకు నూనె జాగ కావాలె. దొరికేది ప్రొటీన్ లోపలి భాగమే, అందుకే చొచ్చుకపోయి విప్పుతది. ఐసో ఆక్టేన్‌ల చుట్టూ ఉన్నదంత నూనె లాంటిదే. తోకలు హాయిగ బయటికి చూస్తయి, తలలు లోపలికి తిరిగి ఇన్ని నీళ్లను పట్టుకుంటయి. ఆ నీళ్లల్ల ఎంజైము కూసుంటది." దీన్నే రివర్స్ మిసెల్ అంటరు.

ఇందుకు ఎక్కువగ వాడే సర్ఫాక్టెంట్ ఏఓటీ. తెల్లగ, మైనం లెక్క, గరిటెకు అంటుకుంటది. 100 మిల్లీలీటర్ల ఐసో ఆక్టేన్‌ల 2.2 గ్రాములు కరిగిస్తే 50 మిల్లీమోలార్ అయితది. ఎంజైము కలిపిన బఫర్ (పీహెచ్‌ను నిలిపి ఉంచే నీటి ద్రావణం) 0.9 మిల్లీలీటర్ పైపెట్‌తోటి వదిలితే ముందు పాల లెక్క తెల్లబడుతది. ఊపుతుంటే మబ్బు విడిపోయి, చూస్తుండంగనే అద్దంలెక్క తేటగ అయితది. ఆ ఘడియ ఎన్నిసార్లు చూసినా నాకు సంబురమే. ఒక్క ఏఓటీకి ఎన్ని నీటి అణువులున్నయో చెప్పే లెక్కను డబ్ల్యూ నాట్ అంటరు. పైన చెప్పిన కొలతకు అది 10. కైమోట్రిప్సిన్ అనే ఎంజైము ఆ చుట్టుపక్కల్నే జోరుగ పనిచేస్తది, లోపలి నీళ్ల గుండం ఎంజైము సైజుకు దగ్గరగ వస్తది కాబట్టి. నీళ్లు తక్కువైనా, మరీ ఎక్కువైనా పని పడిపోతది.

మన దగ్గర వానకాలంల ఇదే తిప్పలు. ఏఓటీ గాలిల తేమను పీలుస్తది. ఎండకాలంల సరిగ్గ వచ్చిన లెక్క ముసురు పట్టినంక తప్పుతది. కార్ల్ ఫిషర్ (తేమ కొలిచే పరీక్ష) మీద నీళ్లు చూడకుండ మొదలుపెట్టొద్దు.

నీళ్ల గుండం అసలే వద్దనుకుంటే ఇంకో తొవ్వ ఉన్నది. బఫర్‌ల కొంచెమే ఏఓటీ వేసి, పీహెచ్‌ను ఎంజైము మీద పాజిటివ్ చార్జి ఉండేటట్టు పెట్టి, ఐసో ఆక్టేన్‌తోటి కలిపితే, నెగెటివ్ తలలు ప్రొటీన్‌ను పట్టుకొని పై పొరలకు తీసుకపోతయి. 1994ల పరాద్కర్, డార్డిక్ కైమోట్రిప్సిన్‌ను ఇట్లనే కరిగించిన్రు. అంతకుముందే, 1988ల జపాన్‌ల ఒకహాటా, ఇజిరో లైపేజ్‌కు లిపిడ్ పూత పూసి, ఎండబెట్టి, సాల్వెంటుల కరిగే పొడి తయారుచేసిన్రు. ఎండబెట్టే ముందు బఫర్ పీహెచ్ జాగ్రత్త. చివర ఏ పీహెచ్‌ల ఉన్నదో ఎంజైము దాన్నే సాల్వెంటులకు మోసుకపోతది.

పెద్ద రియాక్టర్ల దీన్ని నడపమని మాత్రం నేను చెప్ప. వర్కప్‌ల (రియాక్షన్ అయినంక శుభ్రం చేసే పనిల) ఏఓటీని ప్రొడక్ట్ నుంచి విడదీసుడు నరకం: నీళ్లు పోస్తే ఎమల్షన్ పడుతది, పొరలు విడిపోవు. ఆడ రెజిన్ (ప్లాస్టిక్ గింజలు) మీద కట్టిన లైపేజే మేలు, ఫిల్టర్ చేసి మళ్ల వాడుకోవచ్చు. కని కొత్త ఎంజైము ఒక రెసిమిక్ ఆల్కహాల్‌ను (కుడి, ఎడమ అద్దపు రూపాలు సమంగ కలిసినది) పట్టుకుంటదో లేదో బెంచి మీద చూసేటందుకు పూత పూసిన పొడి చాలు. పని చేసిందనుకోండి, రెజిన్ ఖర్చు గురించి అప్పుడు మాట్లాడొచ్చు.