డిశ్చార్జికి ముందే ఏఆర్‌టీ

వార్డులో హెచ్ఐవీ బయటపడిన వాళ్లకు డిశ్చార్జి రోజున తరచూ చెప్పే మాట: "ముందు కోలుకోండి, తర్వాత ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్దురుగాని." ఈ మాట ప్రాణాల మీదికి తెస్తుంది. ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులు, మొదలవకుండా ఇంటికెళ్లిన మనిషి, లేవలేని స్థితిలో, జిల్లా కేంద్రానికి మళ్లీ ఎలా వస్తాడు?

2017 నుంచి మన దేశంలో సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా చికిత్స ఇస్తున్నారు. సాధారణంగా ఇచ్చేది రోజుకొక టీఎల్‌డీ మాత్ర: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. సీడీ4 రిపోర్టు రాలేదని ఆగనక్కర్లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మాత్రం చూడాలి, కిడ్నీలు దెబ్బతింటే టెనోఫోవిర్ పనికిరాదు.

ఆగాల్సింది ముఖ్యంగా మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ (మెనింజైటిస్) ఉన్నప్పుడు. అందుకే తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం ఉన్నాయా అని తప్పకుండా అడగాలి. సీడీ4 200 లోపుంటే రక్తంలో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ జాడ చూసే క్రిప్టోకాకల్ యాంటిజెన్ పరీక్ష చేయించాలి. క్రిప్టోకాకల్ మెనింజైటిస్ తేలితే ఫంగస్ మందులు మొదలయ్యాక 4 నుంచి 6 వారాలు, టీబీ మెనింజైటిస్‌కు కనీసం 4 వారాలు ఆగాలి. తొందరపడితే, పుంజుకున్న రోగనిరోధక శక్తే మెదడులో వాపు తెస్తుంది. ఊపిరితిత్తుల టీబీకి ఇంత ఆలస్యం కూడదు. టీబీ మందులు ఒంటికి పడ్డాక, అవి మొదలైన రెండు వారాల్లోపే ఏఆర్‌టీ మొదలవ్వాలి.

ఎక్కువగా తప్పు జరిగేది ఇంటికిచ్చే మందుల సంచిలో. టీబీకి రిఫాంపిసిన్ అనే మందు వాడుతుంటే డోలుటెగ్రావిర్ రక్తంలో తగ్గిపోతుంది. కాబట్టి ఉదయం టీఎల్‌డీ వేసుకుంటే, 12 గంటల తర్వాత డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు విడిగా వేసుకోవాలి. రిఫాంపిసిన్ ఆపాక కూడా రెండు వారాలు ఇది కొనసాగాలి. ఆ రెండో మాత్ర చీటీలో లేకపోతే ఇంట్లోవాళ్లకు తెలిసే దారే లేదు. గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ మందుకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలైతే అన్నంతో పాటు కలిపి వేసుకోవచ్చు, పరగడుపున కలపకూడదు. ఎసిడిటీకి వేసుకునే పాంటాప్రజోల్‌తో ఇబ్బంది లేదు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వకండి.

సీడీ4 తక్కువున్నవాళ్లకు, ఇతర ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ కూడా సంచిలో ఉండాలి. కనీసం నెల మందులు చేతికిచ్చి, ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్‌తో వార్డులోనే మాట్లాడించి, వచ్చే తేదీ రాసివ్వండి. పక్క మంచాలకు వినపడేలా మాట్లాడకండి, 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం ఆ విషయం గోప్యం.

మొదటి వారాల్లో జ్వరం తిరగబెట్టినా, మెడలో గడ్డలు లేచినా సొంతంగా మందు ఆపకుండా వెంటనే రమ్మనండి. సమాచారానికి 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.