చెప్పని ఒక నిమిషం

ఈ రోజు శనివారం. అద్దె పెంచుతున్నామని ఇంటి యజమాని నుంచి నిన్న సాయంత్రం నోటీసు వచ్చింది. కొత్త అద్దె అమలయ్యేది ఆరు నెలల తరువాతే కాబట్టి కంగారు పడలేదు గానీ, పాత ఒప్పందంలో ఎంత ఉందో పోల్చి చూద్దామని ఉదయం కాఫీ తాగుతూ కాగితాల ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. రెండు ఒప్పంద పత్రాల మధ్య నాలుగు మడతలు పెట్టిన రూళ్ల కాగితం ఒకటి కనిపించింది. దాని పైన నా చేతిరాతలో "2023 ఫిబ్రవరి 21, సిటీ హాలు" అని ఉంది.

ఆ రెండూ ఒకే ఫైలులో ఉండడం సబబేననిపించింది. మేముంటున్న అమెరికా నగరం సియాటిల్‌లో అద్దె పెంచాలంటే 180 రోజుల ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలన్న నిబంధన 2021లో వచ్చింది. దానిని ప్రతిపాదించిన నగర మండలి సభ్యురాలు క్షమా సావంత్. ఈ రూళ్ల కాగితం కూడా ఆమె తెచ్చిన మరో చట్టం కోసం నేను రాసుకున్నదే.

నగర మండలి సభ్యత్వం అంటే మన దగ్గర కార్పొరేటర్ పదవి లాంటిది. 2020లో హైదరాబాదు మహానగరపాలక సంస్థకు 150 మందిని ఎన్నుకున్నారు. సియాటిల్ మండలిలో ఉండేది 9 మందే. ఆ తొమ్మిది మందిలో తన పార్టీకి చెందినవారు మరొకరు లేకుండా ఆమె పదేళ్లు పనిచేశారు. పుణేలో పుట్టి, ముంబైలో పెరిగి, కంప్యూటర్ సైన్సు చదివి, అమెరికా వచ్చాక ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, ఈ ఊరి కళాశాలల్లో పాఠాలు చెప్పిన ఆమె 2012లో రాష్ట్ర శాసనసభకు పోటీ చేసి ఓడిపోయారు. మరుసటి ఏడాదే సోషలిస్టునని బాహాటంగా చెప్పుకుని నగర మండలికి నిలబడి, 16 ఏళ్లుగా సభ్యుడిగా ఉన్న రిచర్డ్ కాన్లిన్‌ను ఓడించారు. మొదటి రాత్రి లెక్కలో వెనుకబడినా, ఆలస్యంగా అందిన ఓట్లు లెక్కించే కొద్దీ ముందుకు వచ్చారు.

గంటకు 15 డాలర్ల కనీస వేతనం అన్న మాటను ముందు పెట్టుకుని ఆమె ఆ ఎన్నికకు వెళ్లారు. 2014 జూన్ 2న మండలి దానిని ఏకగ్రీవంగా ఆమోదించింది. దానిని ఏళ్ల తరబడి దశలవారీగా అమలు చేయడాన్ని ఆమె చివరి దాకా వ్యతిరేకించారు గానీ, అక్కడ ఓడిపోయారు. ఆ వేతనం 2025 నాటికి 20.76 డాలర్లయింది. తన జీతంలో 40 వేల డాలర్లు మాత్రమే ఉంచుకుని, మిగిలినది కార్మిక పోరాటాల నిధికి ఇస్తానన్న మాట మీద ఆమె నిలబడ్డారు.

అన్నీ గెలుపులే కావు. ఇళ్లు లేనివారి కోసం పెద్ద కంపెనీలపై ఉద్యోగికి ఏడాదికి 275 డాలర్ల చొప్పున వేసిన పన్నును 2018 మేలో మండలి ఏకగ్రీవంగా ఆమోదించి, నెల తిరగకముందే 7–2 ఓట్లతో రద్దు చేసింది. కాదన్న ఇద్దరిలో ఆమె ఒకరు. 2019 ఎన్నికల్లో అమెజాన్ సంస్థ ఆమె ప్రత్యర్థికి మద్దతిచ్చిన ఛాంబర్ ఆఫ్ కామర్స్ (వ్యాపార సంస్థల సంఘం) ప్రచార నిధికి దాదాపు 15 లక్షల డాలర్లు ఇచ్చినా ఆమె గెలిచారు. 2021 డిసెంబరులో ఆమెను పదవి నుంచి వెనక్కి పిలవాలా వద్దా అని ఓటింగు జరిగితే 310 ఓట్ల తేడాతో నిలిచారు. తోటి సభ్యులతో ఆమె మాట్లాడే తీరు అవసరానికి మించి కటువుగా ఉండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. ప్రజల ఓటుకు పెట్టదలచిన ఒక ప్రతిపాదన ప్రచారానికి కార్యాలయ వనరులు వాడినందుకు ఆమె తప్పు ఒప్పుకుని జరిమానా కట్టిన సంగతి కూడా మరచిపోదగినది కాదు. అయినా, నాకు ముఖ్యమైన విషయం వేరే ఉంది.

నాకు ఇక్కడ ఓటు లేదు. వీసా మీద వచ్చి, గ్రీన్ కార్డు కోసం ఏళ్లుగా వరుసలో నిలబడి ఉన్న వేలాది తెలుగువారిలో నేను ఒకడిని. అయితే మండలి సమావేశంలో పౌరుల మాట వినే సమయం ఒకటి ఉంటుంది. ఆ మైకు దగ్గర ఎవరూ పాస్‌పోర్టు అడగరు. తొమ్మిదింట ఒక ఓటుతో ఏ చట్టమూ రాదని తెలిసిన ఆమె, ప్రతి పోరాటంలోనూ హాలును జనంతో నింపేవారు. ఉద్యోగంలో, ఇంటి అద్దెలో, బహిరంగ స్థలాల్లో కులం పేరిట వివక్ష చూపడాన్ని నిషేధించే ప్రతిపాదన తెచ్చినప్పుడూ అదే చేశారు. తాను బ్రాహ్మణ కుటుంబంలో పుట్టానని చెబుతూనే దానిని ముందుకు తెచ్చారు. 2023 ఫిబ్రవరి 21న అది 6–1 ఓట్లతో నెగ్గింది. అమెరికాలో అలాంటి చట్టం చేసిన మొదటి నగరం సియాటిల్.

ఆ రోజు మాట్లాడాలని ఈ కాగితం రాసుకున్నాను. మొదట రెండు పేజీలు వచ్చింది; నిమిషంలో చెప్పగలిగేలా కొట్టివేసుకుంటూ సగం పేజీకి తెచ్చాను. ఇక్కడ ఒక విందులో కొత్తగా పరిచయమైన పెద్దాయన మొదట నా ఇంటిపేరు, ఆ తరువాత "ఊళ్లో మీ ఇల్లు ఏ వైపు, బాబూ?" అని అడిగి, జవాబు విన్నాక వేరే బల్ల దగ్గరకు వెళ్లిపోయిన సంగతి అందులో ఉంది. మా ఊరి టీ హోటలులో మా నాన్నకు వేరే గ్లాసు ఉండేదన్న వాక్యం ఉంది. హాలుకు వెళ్లి, వెనుక వరుసలో కూర్చుని, పేరు మాత్రం నమోదు చేసుకోలేదు. మా టీములోని తెలుగువారు చూస్తారేమో, మర్నాడు ఆఫీసులో నన్ను మరోలా పలకరిస్తారేమో అని భయపడ్డాను. నాకంటే చిన్నవాళ్లు లేచి, వణికే గొంతులతో, నేను రాసుకున్నదే చెప్పారు. ఆమె 2023 చివరన పదవి వదిలి వెళ్లారు; చట్టం ఉండిపోయింది; నా కాగితం ఈ ఫైలులోనే ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక దానిని మా అమ్మాయికి చదివి వినిపించాను. తను ఫోనులో సమయం చూసింది. 58 సెకన్లు పట్టింది. కాసేపు ఆ కాగితం వైపే చూసి, "తాతయ్య గ్లాసు ఎక్కడ పెట్టేవాళ్లు, నాన్నా?" అని అడిగింది.

హోటలు బయట, చూరులో దోపి ఉండేదని చెప్పాను. తాతయ్యే దానిని తీసి, తొట్టిలో నీళ్లతో కడుక్కుని, టీ పోయించుకుని తాగి, మళ్లీ కడిగి అక్కడే దోపేవాడని చెప్పాను.