అరువు చొక్కా వేసుకునే వైరస్

పోయిన ఏడాది మా చిన్నాయన కొడుకు గల్ఫ్‌కు పోదామని మెడికల్‌కు వెళ్లాడు. మా జగిత్యాల వైపు ఇది కొత్తేం కాదు, ముందు మెడికల్, అందులో పాసైతేనే టికెట్ సంగతి. వీడికి అన్‌ఫిట్ అని వచ్చింది. ఎందుకని అడిగితే కౌంటర్ దగ్గరాయన కాగితం మీద వేలు పెట్టి "బి పాజిటివ్" అన్నాడట, అంతే, ఇంకో ముక్క చెప్పలేదు. వీడు ఇంటికొచ్చి "అన్నా, నా బ్లడ్ గ్రూపు ఓ పాజిటివ్ కదా, వాళ్లు బి అని రాసిర్రు, మళ్ల చేయించుకోవాల్నా?" అన్నాడు. నవ్వొచ్చింది. కాగితం చూశాక ఆ నవ్వు పోయింది. అది గ్రూపు కాదు, హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్, అంటే ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందని.

కామెర్లు లేవు, నొప్పి లేదు, మనిషి ఎద్దులా ఉన్నాడు. అయినా ఆ రాత్రే మా చిన్నమ్మ వాడి కంచం, గ్లాసు వేరే పెట్టేసింది. పొద్దున్నే పసరు పోసేవాళ్ల దగ్గరికి తీసుకుపోతానంది. ఆపడానికి నా ప్రాణం తోకకొచ్చింది.

చివరికి కరీంనగర్‌లో లివర్ డాక్టర్‌కు చూపించాం. ఆయన రాసిన టెస్టుల్లో ఒకటి యాంటీ హెచ్‌డీవీ. ఇదేంటి సార్ అంటే "హెపటైటిస్ డి. బి ఉన్నవాళ్లందరూ ఒక్కసారైనా చేయించుకుంటే మంచిది" అన్నారు. ఏ, బి, సి విన్నాను గానీ డి అనేది ఒకటుందని అప్పటిదాకా నాకు తెలియదు. దీన్నే డెల్టా అని కూడా అంటారు, కరోనా డెల్టాకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

1977లో ఇటలీలోని టూరిన్‌లో మారియో రిజెట్టో అనే డాక్టర్ దీని జాడ బయటపెట్టారు. మొదట బి వైరస్‌లోనే ఏదో కొత్త ముక్క అనుకున్నారు, తర్వాత చింపాంజీల మీద ప్రయోగాలు చేస్తే వేరే వైరస్ అని తేలింది. మనుషులకు సోకేవాటిలో ఇంత చిన్న వైరస్ ఇంకోటి లేదు. కరోనా జన్యువులో దాదాపు 30,000 అక్షరాలుంటే దీనికి సుమారు 1,700. అంత చిన్నది కాబట్టి దీనికి సొంత పైతొడుగు కూడా లేదు. బి వైరస్ తయారుచేసే తొడుగునే అరువు చొక్కాలా వేసుకుని ఒక లివర్ కణం నుంచి ఇంకో కణంలోకి దూరుతుంది. మా వాడి కాగితం మీద పాజిటివ్ అని వచ్చిన హెచ్‌బీఎస్ఏజీ ఉంది చూడండి, అదే ఆ చొక్కా గుడ్డ. ఒంట్లో బి లేకపోతే డి నిలవలేదు.

రెండూ ఒకేసారి సోకితే కామెర్లు గట్టిగానే రావచ్చు, ఒక్కోసారి ప్రాణం మీదికీ రావచ్చు, కానీ పెద్దవాళ్లలో ఎక్కువమందికి రెండూ కలిసే పోతాయి. అసలు భయపడాల్సింది మా వాడిలాంటి వాళ్ల గురించి. ముందే బి తిష్ట వేసుకుని ఉన్న లివర్‌లోకి డి వచ్చిందంటే చాలామందిలో అదీ పోకుండా ఉండిపోతుంది. అలాంటప్పుడు లివర్ గట్టిపడిపోయే సిరోసిస్ ఉత్త బి ఉన్నవాళ్లకంటే దాదాపు పదేళ్లు ముందే వస్తుందని, లివర్ క్యాన్సర్ ప్రమాదం రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీర్ఘకాలిక బి ఉన్నవాళ్లలో దాదాపు 5 శాతం మందికి డి కూడా ఉందని వాళ్ల అంచనా. మంగోలియా, మోల్డోవా, పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల్లో ఎక్కువ. మన దగ్గర తక్కువే, కానీ ఇక్కడ ఈ టెస్టు చేయించుకునేవాళ్లూ తక్కువే.

డాక్టర్ చెప్పినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయిన సంగతి ఇంకోటి ఉంది. డి ఉంటే అది బి వైరస్‌ను తరచూ అణచిపెడుతుందట. రిపోర్టులో బి వైరల్ లోడ్, అంటే రక్తంలో ఆ వైరస్ లెక్క, తక్కువ కనిపిస్తుంది, మనం హమ్మయ్య అనుకుంటాం, కానీ లివర్ ఎంజైములు మాత్రం దిగవు. బికి వాడే టెనోఫోవిర్ లాంటి మాత్రలు డిని ఏమీ చేయలేవు. కాబట్టి మందు సరిగ్గా వేసుకుంటున్నా ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము పెరిగే ఉంటే, డి టెస్టు చేశారా సార్ అని మొహమాటపడకుండా అడగండి. డికి ఉన్న వైద్యం చిన్నదేం కాదు, ఏడాది దగ్గర దగ్గర వారం వారం ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, అవి వేసుకున్నా తగ్గేది కొందరికే. 2020లో యూరప్ బులెవిర్టైడ్ అనే కొత్త మందుకు అనుమతిచ్చింది, అది వైరస్‌ను లివర్ కణంలోకి పోనీయకుండా అడ్డుపడుతుంది, అదీ రోజూ పొడుచుకోవాల్సిన సూదే.

ఈ బి, డి వైరస్‌లు అంటేది రక్తం ద్వారా, శారీరక సంబంధం ద్వారా. బి అయితే కాన్పప్పుడు తల్లి నుంచి బిడ్డకు కూడా చాలా సులువుగా వస్తుంది. కంచం, గ్లాసు, కౌగిలింత, దగ్గు, వీటితో రాదు. నీళ్ల ద్వారా వచ్చే కామెర్లు ఏ, ఈ, వాటి సంగతి వేరు. ఇంట్లో గ్లాసు వేరుపెట్టిన మా వాళ్లకు కటింగ్ షాపులో బ్లేడు మాత్రం ఎప్పుడూ గుర్తు రాలేదు. మా ఊళ్లో బ్లేడును సగానికి విరిచి కత్తికి పెడతారు, మన ముందు విరిచి పెట్టాడా లేక ముందు గడ్డం గీయించుకున్నాయనదే ఉందా అని ఎవరు చూస్తారు! జాతరలో ఒకే సూదితో పదిమందికి పచ్చబొట్టు వేసేస్తారు. జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది, ఆ సిరంజి ప్యాకెట్ మన కళ్లముందు చించాడో లేదో చూసుకోం. ఇప్పుడు మా వాడు షాపుకు తన బ్లేడు తనే తీసుకుపోతున్నాడు, గీయించుకున్నాక దాన్ని తనే పడేస్తాడు, ఇంకొకరికి పోకుండా.

డికి విడిగా టీకా లేదు, బి టీకాయే రెండింటినీ ఆపుతుంది, చొక్కా దొరక్కపోతే ఇక డి ఏం చేస్తుంది. కానీ ఇప్పటికే బి ఉన్నవాళ్లకు ఆ టీకా పనికిరాదు, వాళ్లకు జాగ్రత్త ఒక్కటే దారి. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ శాన్‌వాక్-బి తెచ్చాకే ఈ టీకా మనలాంటి ఇళ్లకు అందే ధరకు దిగింది. పిల్లలకిచ్చే ప్రభుత్వ టీకాల్లో దేశమంతటా చేరేసరికి 2011 అయింది. మా వాడు అంతకు చాలా ముందే పుట్టాడు. ఇప్పుడు పుట్టే పిల్లలకు 24 గంటల్లోపు మొదటి డోసు, తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ అనే ఐదు జబ్బుల టీకాలో కలిపి ఇస్తారు. ఆ మొదటి రోజు డోసును ఇంటికెళ్లాక చూద్దాంలే అని వదిలేయకండి.

మా వాడికి డి నెగటివ్ వచ్చింది. ఆరు నెలలకోసారి స్కానింగ్, రక్తపరీక్ష అన్నారు, మాత్రలు ఇప్పుడే అక్కర్లేదన్నారు. మరదలికీ, చిన్నాయనకూ, చిన్నమ్మకూ టెస్టులు చేయించాం. మరదలికి బి లేదు, టీకా రెండు డోసులు అయ్యాయి, మూడోది మొదటి డోసుకు ఆరు నెలలకు వేయించాలి. వీళ్లు మర్చిపోతారని ఆ తేదీ నా ఫోన్‌లో పెట్టుకున్నాను. చిన్నమ్మకు మాత్రం పాజిటివ్ వచ్చింది. ఆ రిపోర్టు చేతికొచ్చిన రోజు రాత్రి అందరి గ్లాసులూ మళ్లీ ఒకే బుట్టలో చేరాయి.