పామ్ స్ప్రింగ్స్‌లో ఉన్ని శాలువా

లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి టెన్ ఫ్రీవే మీద తూర్పుకి వెళ్లడమంటే కబజాన్ అవుట్‌లెట్స్ దాకానే. ఇండియా వెళ్లేముందు సూట్‌కేసులు నింపుకోవాలి కదా! అది దాటి ఇంకాస్త ముందుకు పోతే కొండల మధ్య గాలిమరలు, ఆ తర్వాత పామ్ స్ప్రింగ్స్. అక్కడ ఏటా జూన్ చివర్లో షార్ట్‌ఫెస్ట్ జరుగుతుంది. దేశదేశాల షార్ట్ ఫిల్ములు వస్తాయి. 1995లో మొదలైన పండగ. "జూన్‌లో ఎవరైనా ఎడారికి పోతారా?" అని మా ఇంట్లో ఒకటే నస.

కారు దిగేసరికి 44 డిగ్రీలు. మాది పల్నాడు, రెంటచింతల ఎండ మాకు కొత్తేం కాదు. కానీ అక్కడ చొక్కా తడిసి ముద్దవుతుంది. ఇక్కడ చెమట పట్టిన సంగతే తెలీదు, పెదాలు మాత్రం పగిలిపోతాయి. పామ్ కాన్యన్ డ్రైవ్‌లో రెస్టారెంట్ల చూరుకి సన్నటి గొట్టాలు బిగించి, పెళ్లిలో పన్నీరు చల్లినట్టు వచ్చేపోయేవాళ్ల మీద నీటి తుంపర కొడుతున్నారు.

సీజన్ కాదు కాబట్టి గది చవగ్గా దొరికిందని సంబరపడ్డాను. కౌంటర్ దగ్గర రిసార్ట్ ఫీజని రోజుకి 40 డాలర్లు అదనంగా వేశారు. దేనికయ్యా అంటే స్విమ్మింగ్ పూల్‌కట. మధ్యాహ్నం ఆ పూల్‌లో కాలు పెడితే వేణ్ణీళ్లు!

సినిమాలకొస్తే, ఒక్కో ఆటలో ఆరేడు షార్ట్ ఫిల్ములు, మొత్తం గంటన్నర. ఆస్కార్ వాళ్ల లెక్కలో టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాలు దాటకపోతే షార్ట్ ఫిల్మే. ఇక్కడ కొన్ని అవార్డులు గెలిస్తే ఆస్కార్ పోటీకి అర్హత వస్తుంది. అందుకే మెడలో బ్యాడ్జీలు వేసుకుని తిరిగే కుర్ర దర్శకుల మొహాల్లో అంత టెన్షన్.

క్యూలో నా ముందు డెబ్బై దాటిన ఒకావిడ నిలబడింది. అంత ఎండలో చేతిమీద మందపాటి ఉన్ని శాలువా! నేను దానికేసి చూడటం గమనించి, "లోపలికి పదండి, మీకే తెలుస్తుంది" అంది. చేతిలో ప్రోగ్రాం పుస్తకం, దాన్నిండా పెన్సిల్ టిక్కులు. చలికాలం మకాం వేసేవాళ్లంతా ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతారట. "జనవరిలో పెద్ద సినిమాల పండగ వాళ్లది, ఇది మాది" అంది.

లోపల ఏసీకి నిజంగానే పళ్లు టకటకలాడాయి.

ఆ ఆటలో ఒక సినిమా ఉంది. ఒక ముసలాయన పాలగిన్నె స్టవ్ మీద పెట్టి, వంటింట్లోంచి నడుచుకుంటూ వీధిలోకి వెళ్లిపోతాడు, అంతే. ఆట అయ్యాక దర్శకులు తెర ముందు వరసగా నిలబడ్డారు. "దీన్ని పెద్ద సినిమాగా తీస్తారా?" అన్న ప్రశ్న ఎలాగూ వచ్చింది. తర్వాత మా ఆవిడ, అదే శాలువా ఆవిడ, చెయ్యెత్తింది.

"ఆయన స్టవ్ ఆర్పాడా?"

కుర్రాడు తడబడ్డాడు. ఆర్పే షాట్ తీశామనీ, ఎడిటింగ్‌లో తీసేశామనీ చెప్పాడు.

"అయితే మళ్లీ పెట్టండి. ఆ తర్వాతి రెండు సినిమాలూ నేను సరిగ్గా చూడలేకపోయాను."

హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

నాకు హైదరాబాద్ గుర్తొచ్చింది. ప్రసాద్ ల్యాబ్స్‌లో మా స్నేహితుల షార్ట్ ఫిల్ముల ప్రివ్యూలకి తెగ తిరిగేవాణ్ని. "యూట్యూబ్‌లో ఎన్ని లక్షలొస్తాయి", "ఏ నిర్మాతకి చూపించావు" ఇవే మాటలు. సినిమాలో పాలు పొంగిపోతే పట్టించుకున్నవాడు లేడు, నాతో సహా.

చివర్లో అవార్డులు ప్రకటించారు. ఆ పాలగిన్నె సినిమాకి ఏదీ రాలేదు. బయట ఆవిడ కనిపిస్తే, "పాపం, ఆ కుర్రాడికి ఏమీ రాలేదండీ" అన్నాను.

"స్టవ్ సంగతి చూసుకోమని చెప్పానుగా" అంటూ శాలువా మడిచి కార్లో పెట్టుకుంది.