హాస్టల్‌కి ఫైర్ అలారం పర్మిట్: నా అనుభవం

నాలుగంతస్తుల పాత ఆఫీసు బిల్డింగ్‌ని హాస్టల్‌గా మార్చే పని నా నెత్తిన పడింది. ఫైర్ అలారం ముందునుంచీ ఉంది, ప్యానెల్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, ఇంక పర్మిట్‌కి ఓ అప్లికేషన్ పడేస్తే అయిపోతుందని నా ధీమా. ప్లాన్లు చూసే ఆఫీసర్ మా డ్రాయింగ్ ఇలా తిప్పి చూసి, "ఇక్కడ మనుషులు పడుకుంటారా?" అని ఒక్క ప్రశ్న వేశారు. పడుకుంటారండీ అన్నాను. "అయితే ఇది పనికిరాదు" అన్నారు.

అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఏంటంటే, బిల్డింగ్ వాడకం మారితే పాత అలారానికి అప్పుడెప్పుడో వచ్చిన అనుమతి కొత్త వాడకానికి చెల్లదు. మాకు వర్తించింది ఎన్‌ఎఫ్‌పీఏ 72 అనే అమెరికా ఫైర్ అలారం ప్రమాణం. పడుకునే గదిలో అలారం శబ్దం దిండు దగ్గర కనీసం 75 డెసిబెల్స్ ఉండాలట, అదీ తలుపు మూసి ఉన్నప్పుడు. మా హూటర్లన్నీ కారిడార్‌లోనే ఉన్నాయి. ఫోన్‌లో యాప్ పెట్టుకుని (అది అధికారిక లెక్కకి రాదు, నా తృప్తికి) గదిలో తలుపేసుకుని చూస్తే 60 కూడా దాటలేదు. పైగా పడుకునే గదుల్లో కీచుమనే శబ్దం కాకుండా 520 హెర్ట్జ్ బొంగురు శబ్దం కావాలన్నారు. వినికిడి తగ్గినవాళ్లకి ఆ కీచు శబ్దంతో చాలాసార్లు మెలకువ రాదట. అప్పుడర్థమైంది, మా నాన్నకి ఫోన్ రింగ్ ఎందుకు వినపడదో.

సరే, ప్రతి గదిలో సౌండర్ (అలారం మోగించే పరికరం) పెడదాం అనుకున్నాం. డ్రాయింగ్‌లో గుర్తులు పెట్టేసి మళ్లీ ఇచ్చాం. మళ్లీ తిరిగొచ్చింది! ఈసారి రిమార్క్ వోల్టేజ్ డ్రాప్ మీద, అంటే పొడవైన వైరులో తగ్గిపోయే వోల్టేజీ మీద. పేరుకి 24 వోల్టుల సిస్టమే గానీ, లెక్క మాత్రం బ్యాటరీ దిగిపోయిన స్థితి నుంచి, అంటే 20.4 నుంచి మొదలుపెట్టాలి, లైను చివరన ఉన్న సౌండర్‌కి కనీసం 16 అందాలి. మాకున్న అతి పొడవైన లైను 120 మీటర్లు, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 2 ఆంపియర్ల కరెంటు. పోనూ రానూ 240 మీటర్ల వైరు, లోడంతా చివరనే ఉందనుకుని వేసే లెక్క. చివరికి మిగిలేది 14.6 వోల్టులు. 2.5 వైరుకి మారిస్తే 16.8 వచ్చింది. ఆ ఒక్క మార్పుతో పాత వైరింగ్ సగం పీకాల్సి వచ్చింది, ఎలక్ట్రీషియన్ నా మొహం చూడటం మానేశాడు.

బ్యాటరీ లెక్క ఇంకో తమాషా. ఇన్ని సౌండర్లు మోగితే బ్యాటరీ అక్కడే ఖర్చవుతుందని నేననుకున్నాను, కాదు. కరెంటు పోయాక 24 గంటలు ఊరికే కాపలా కాయాలి, ఆ తర్వాత 5 నిమిషాలు మోగాలి. కాపలాకి 0.6 ఆంపియర్లు అంటే 24 గంటలకి 14.4 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఆంపియర్లని గంటలతో గుణించిన లెక్క). మోగడానికి 2.4 ఆంపియర్లు తీసుకున్నా 5 నిమిషాలకి అయ్యేది 0.2 ఏహెచ్ మాత్రమే. గోలకంటే మౌనానికే ఎక్కువ తింటుందన్నమాట. మొత్తం 14.6 కదా అని వెండర్ 17 ఏహెచ్ బ్యాటరీలు రాశాడు. దాని మీద 20 శాతం కలపాలన్నారు, అప్పుడు 17.5 దాటింది. 26కి వెళ్లాం, అవి ప్యానెల్ డబ్బాలో పట్టలేదు, పక్కన వేరే బాక్స్ పెట్టాలి, బాక్స్ పెడితే డ్రాయింగ్‌లో చూపించాలి... అలా మూడోసారి ఇచ్చినప్పుడు గానీ పర్మిట్ చేతికి రాలేదు.

పని మామూలుగానే సాగింది, దాని గురించి చెప్పడానికేమీ లేదు.

ఫైనల్ ఇన్‌స్పెక్షన్ రోజు వచ్చినాయన చాలా నెమ్మదస్తుడు, అదే నాకు టెన్షన్. ముందు మెయిన్ పవర్ తీయించి బ్యాటరీ మీద నడుస్తోందా చూశారు. ఒక పొగ డిటెక్టర్ విప్పి చేతిలో పట్టుకుని, ప్యానెల్ ఫాల్ట్ చూపించేదాకా అక్కడే నిలబడ్డారు. అదంతా బాగానే ఉంది. తర్వాత కారిడార్‌లో పైకి చూసి టేపు అడిగారు. మేం డిటెక్టర్ బిగించాక ఏసీ వాళ్లొచ్చి గాలి వచ్చే జాలీని దానికి రెండడుగుల దూరానికి జరిపారు, కనీసం మూడడుగులు ఉండాలి, లేకపోతే ఆ గాలికి పొగ డిటెక్టర్‌ని చేరకుండా పక్కకి పోతుంది. రెండు డిటెక్టర్లకి దుమ్ము పడకుండా పెట్టిన ప్లాస్టిక్ మూతలు అలాగే ఉన్నాయి, అది మాత్రం పూర్తిగా నా తప్పు. అన్నిటికంటే సిగ్గనిపించింది చివర్లో. 306లో పొగ కొడితే ప్యానెల్ మీద 304 అని వచ్చింది. మధ్యలో ఓనర్ గారు గదుల నంబర్లు మార్చారు, తలుపుల మీద స్టిక్కర్లు మారాయి, ప్యానెల్‌లో పేర్లు మార్చాలని ఎవరికీ తట్టలేదు, నాక్కూడా. "నిజంగా మంట వస్తే ఫైర్ సిబ్బంది ఏ తలుపు పగలగొట్టాలి?" అన్నారాయన. నేనేం చెబుతాను.

ఆ రోజు ఫెయిల్. తర్వాత వారం రోజులు నేనూ, ప్యానెల్ టెక్నీషియనూ వాకీటాకీలు పట్టుకుని ఒక్కో గదికీ వెళ్లి పొగ స్ప్రే కొట్టడం, కింద ప్యానెల్‌లో ఏం పడిందో అరిచి చెప్పుకోవడం, కాగితం మీద టిక్ పెట్టుకోవడం. జాలీ మళ్లీ జరిపించాం. రెండోసారి ఇన్‌స్పెక్షన్ గంటన్నరలో అయిపోయింది, సంతకం పెట్టి, చివరికి కట్టింది కట్టినట్టు గీసిన డ్రాయింగ్ ఒక కాపీ ప్యానెల్ దగ్గరే పెట్టమని చెప్పి వెళ్లారు.

పోయిన వారం ఓనర్ గారు ఫోన్ చేసి మూడో అంతస్తులో హాలుకి మధ్యలో గోడ పెట్టి రెండు గదులు చేద్దామన్నారు. మేస్త్రీని అప్పుడే పిలవొద్దండీ అని బతిమాలాను. ఇప్పుడు మళ్లీ ఆ బ్యాటరీ షీటే తెరిచి కూర్చున్నాను.