చలికాలపు హాట్ చాక్లెట్: వాయి వాయికీ మార్పులు

మొదటి వాయి. సూపర్‌మార్కెట్ డ్రింకింగ్ చాక్లెట్. డబ్బా వెనక పదార్థాలను బరువు ఎక్కువున్న దాని నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. మొదటి పేరు చక్కెర అయితే ఎన్ని చెంచాలు వేసినా తీపే పెరుగుతుంది, చాక్లెట్ పెరగదు. బంద్.

రెండో వాయి. చక్కెర లేని కోకో పొడి. మామూలు కోకో ఎర్రమన్ను రంగులో, కొంచెం పుల్లగా ఉంటుంది. డచ్ ప్రాసెస్ కోకోను క్షారంతో శుద్ధి చేస్తారు కాబట్టి పులుపు తగ్గి, రంగు ముదురుతుంది. లేబుల్ మీద ఐఎన్‌ఎస్ 501 లాంటి నంబరు (కలిపిన క్షారానికి గుర్తు) కనిపిస్తే చాలావరకు అదే. పాలల్లోకి ఇదే నయం.

మూడో వాయి, ఇప్పటికీ మారని కొలత: కోకో 60 గ్రాములు, చక్కెర 90, పాలపొడి 40, కార్న్‌ఫ్లోర్ 10, చిటికెడు ఉప్పు. 200 గ్రాములైతది, 10 కప్పులకు సరి. చక్కెరను కార్న్‌ఫ్లోర్‌తో కలిపే మిక్సీ పట్టాలి, అప్పుడు గడ్డ కట్టదు. మిక్సీ వేడి పూర్తిగా చల్లారినంకనే పాలపొడి, కోకో కలిపి రెండుసార్లు జల్లించాలి. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లగా, మెత్తగా ఉండేది. మన దిక్కు మక్కలు దండిగా ఉన్నయని పచ్చటి మక్కపిండి వేస్తే కప్పు అడుగున రవ్వలాగా మిగులుతుంది.

నాలుగో వాయిలో పని అంతా ఉండలతోనే. కోకో చక్కెరలాగా కరగదు, పాలల్లో తేలుతూ ఉంటుంది. పొడిలో కొవ్వు ఉంటుంది కాబట్టి నీళ్లు తొందరగా పట్టదు. మరిగే పాలల్లో ఒక్కసారే పోస్తే పైన పిండి ఉడికి పొర కడుతుంది, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. అందుకే కప్పుకు 20 గ్రాముల చొప్పున, కలిపి పెట్టిన పొడిని ముందు మూడు చెంచాల గోరువెచ్చని పాలతో ముద్దలాగా, మెరుపు వచ్చేదాకా రుద్దాలి. మిగిలిన పాలు కాగబెట్టి, కొంచెం కొంచెం పోస్తూ కలిపి, సన్న మంట మీద ఒక పొంగు రానిచ్చి, ఇంకో నిమిషం ఉంచాలి. ఆ నిమిషం తప్పితే కార్న్‌ఫ్లోర్ పచ్చి వాసన పోదు, చిక్కదనమూ రాదు. దించినంక కవ్వంతో చిలికితే నురగ వస్తుంది, మీగడ కట్టదు. ఇంత చేసినంక చాయ్ జాలితో వడకట్టే పని ఉండదు.

ఐదో వాయి, పాలు. కప్పుకు మొత్తం 180 మిల్లీలీటర్లు. చిక్కటి బర్రెపాలల్లో కొవ్వు ఆరేడు శాతం ఉంటుంది, కోకో రుచి అణిగిపోతుంది. 135 పాలు, 45 నీళ్లు సరైన పాళ్లు. టోన్డ్ ప్యాకెట్ పాలైతే నీళ్లు వద్దు.

ఆరో వాయి. చక్కెర బదులు బెల్లం. పొడిలో కలిపితే తేమ పట్టి ముద్దయింది, పాలతో మరిగిస్తే విరిగింది. పాయసానికి చేసినట్టే స్టవ్ ఆపి, కొంచెం చల్లారినంక కలిపితే విరగలేదు. పొడిలో మాత్రం చక్కెరే.

ఏడో వాయి. వరంగల్ చపాటా మిర్చి. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన రకం. రంగు ఎక్కువ, కారం తక్కువ. గింజలు తీసి దంచిన పొడి కప్పుకు చిటికెడు, ముద్ద చేసేటప్పుడే వేయాలి. పాల కొవ్వు ఘాటును ఇంకా తగ్గిస్తుంది, గొంతులో వెచ్చదనం మాత్రం మిగులుతుంది. రెండు చిటికెలైతే చారు వాసన.